నడకకూ మెట్రోకూ చిన్న రేడియో: సెట్టు కన్నా ముందు తీగ సంగతి చూడండి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. మీరు తార్నాకలో ఉంటారు. తెల్లవారగానే ఉస్మానియా క్యాంపస్‌లో గంటసేపు నడుస్తారు, తర్వాత తార్నాక స్టేషన్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గం దాకా ఉద్యోగానికి వెళ్తారు. పాత ఫోనులో ఎఫ్ఎం వినేవారు. కొత్త ఫోనుకు ఇయర్‌ఫోన్ పిన్ను పెట్టుకునే చోటే లేదు, అందులో రేడియో కూడా లేదు. విడిగా చిన్న రేడియో కొనడం మంచిదేనా, కొంటే ఎలాంటిది కొనాలి, రైల్లో అది పలుకుతుందా, చెవిలో పెట్టుకుని నడవడం క్షేమమేనా అని మీ సందేహాలు.

నడక కోసమైతే తప్పకుండా కొనండి. మెట్రో కోసం మాత్రమే అయితే కొననక్కరలేదు. రైల్లో అసలు పలకదని కాదు, పలుకుతుంది, కాని మధ్యమధ్య తెగుతూ ఉంటుంది. ఈ తేడా ఎందుకు వస్తుందో తెలిస్తే ఎలాంటి సెట్టు కొనాలన్నది సగం తేలిపోతుంది కనుక ముందు ఆ విషయమే చెబుతాను. చాలామంది కంపెనీ పేరు చూసి, స్పీకరు పెద్దదా చిన్నదా చూసి రేడియో కొంటారు. ఇంట్లో బల్ల మీద పెట్టే సెట్టుకు అది సరిపోతుంది. జేబులో వేసుకుని తిరిగే రేడియోకు మాత్రం అన్నిటికన్నా ముందు చూడవలసింది ఇయర్‌ఫోన్ తీగ, ఎందుకంటే ఎఫ్ఎంకు ఆ తీగే ఏరియల్.

మన దేశంలో ఎఫ్ఎం ప్రసారాలు 87.5 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటాయి. అక్కడ తరంగం పొడవు సుమారు 3 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే ముప్పావు మీటరు తీగ ఉంటే సంకేతాన్ని చక్కగా పట్టుకుంటుంది. అరచేతిలో ఇమిడే డబ్బాలో అంత పొడవైన కడ్డీకి చోటు ఎక్కడిది? అందుకే తయారీదారులు మీటరు పైచిలుకు పొడవుండే ఇయర్‌ఫోన్ తీగనే ఏరియల్‌గా వాడుకున్నారు. పాట ఆ తీగ వెంట చెవి వైపు పోతుంటే, గాలిలో నుంచి తీగ పట్టుకున్న సంకేతం అదే దారిలో వెనక్కి సెట్టులోకి వస్తుంది. ఒకటి మరొకదాన్ని చెడగొట్టకుండా జాక్ దగ్గర చిన్న తీగచుట్టలు అడ్డుగా ఉంటాయి. మీ పాత ఫోను ఇయర్‌ఫోన్ పెట్టనిదే రేడియో పలకనని మొరాయించడానికి కారణం ఇదే. కొత్త ఫోన్లలో జాక్ తీసేయడంతో ఆ ఏరియల్‌కు దారి లేకుండా పోయింది. చాలా ఫోన్ల లోపలి చిప్పుకు ఎఫ్ఎం పట్టే శక్తి ఉన్నా దాన్ని వాడుకోలేని స్థితి. ఎఫ్ఎం సదుపాయం ఉన్న ఫోన్లలో దాన్ని మూసివేయవద్దని కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖ 2023లో తయారీదారులకు సూచించింది కూడా. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌కు తీగ లేదు కనుక అవి ఏరియల్‌గా పనికిరావు. బ్లూటూత్ ఉన్న చిన్న రేడియోలు దొరుకుతాయి గాని, వాటికి విడిగా లాగుడు ఏరియల్ ఉంటుంది, దాన్ని నిలబెట్టుకుని వేగంగా నడవడం ఎవరికైనా ఇబ్బందే.

కాబట్టి మీరు కొనేది తీగ ఉన్న ఇయర్‌ఫోన్‌తో వాడే సెట్టు అని స్థిరపరచుకోండి. ఇక ఆ తీగను ఎలా వేసుకోవాలన్నది సెట్టు ఎంపిక కన్నా ముఖ్యమని నా అభిప్రాయం. ఒకే రేడియోను ఇద్దరు రెండు రకాలుగా వేసుకుంటే ఒకరికి స్వచ్ఛంగా, మరొకరికి గరగరలాడుతూ వినిపించడం నేను ఎన్నోసార్లు చూశాను. ఉదయపు నడకకు వచ్చేవారిలో చాలామంది సెట్టును చొక్కా పై జేబులో వేసుకుని, మిగిలిన తీగను ముడిచి అదే జేబులో కుక్కుతారు. అప్పుడు ఏరియల్‌గా పనిచేసేది జేబు నుంచి చెవి దాకా ఉన్న జానెడో మూరెడో తీగ మాత్రమే. అదే సెట్టును నడుముకు కట్టే చిన్న సంచిలోకి మార్చి, తీగను మెలికలు లేకుండా దుస్తుల మీదుగా నేరుగా పైకి తీసుకుంటే, మొత్తం పొడవు నిలువుగా చాపినట్టు ఉంటుంది. ఇంకేమీ మార్చకుండానే గరగర చాలావరకు పోతుంది. దండకు కట్టే పట్టీలు దుకాణాల్లో అందంగా కనిపిస్తాయి గాని రేడియోకు అవి అంత మంచివి కావు. దండ నుంచి చెవికి దూరం తక్కువ, తీగ మిగిలిపోతుంది, పైగా చేయి ఊగినప్పుడల్లా తీగ ఒంటికి దగ్గరవుతూ దూరమవుతూ ఉండటంతో అడుగు అడుక్కీ ధ్వని ఎగిసిపడుతుంది. తీగను చొక్కా లోపలి నుంచి తీసుకోవడం కూడా తగ్గించండి. చెమటతో తడిసిన ఒంటికి అంటుకున్న తీగ సంకేతాన్ని సరిగా పట్టదు. ఫోను, పవర్ బ్యాంకు ఉన్న జేబులోనే రేడియోనూ వేయకండి. వాటిలోని సర్క్యూట్లు వెలువరించే రొద తీగలోకి దూరుతుంది.

ఇయర్‌ఫోన్ పిన్ను విషయంలో ఒక చిన్న చిక్కు తరచుగా ఎదురవుతుంది. ఫోనుతో వచ్చిన మైకు ఉన్న ఇయర్‌ఫోన్ పిన్నుకు మూడు నల్ల గీతలు, నాలుగు లోహపు భాగాలు ఉంటాయి. రేడియో జాక్ మామూలుగా మూడు భాగాల పిన్ను కోసం చేసినది. చాలా సెట్లలో రెండూ బాగానే కుదురుతాయి. కొన్నిటిలో మాత్రం భూమి తీగ, అంటే రెండు చెవులకూ ఉమ్మడిగా ఉండే తిరుగు తీగ, సరిగా తగలదు. అప్పుడు వినిపించే తీరు విచిత్రంగా ఉంటుంది. పాటలో గాయని గొంతు మాయమై, వాద్యాలు మాత్రం ఎక్కడో గుహలో మోగుతున్నట్టు వస్తాయి. గొంతును సాధారణంగా రెండు చెవులకూ సమానంగా రికార్డు చేస్తారు, భూమి తీగ తెగితే రెండు వైపుల మధ్య ఉన్న తేడా ఒక్కటే మిగులుతుంది, సమానంగా ఉన్నదంతా కొట్టుకుపోతుంది. సెట్టు చెడిపోయిందని దుకాణానికి పరుగెత్తనక్కరలేదు. పిన్నును వెంట్రుకవాసి బయటికి లాగి చూడండి, లేదా మైకు లేని మామూలు ఇయర్‌ఫోన్ పెట్టండి. అది కొనేటప్పుడు పిన్ను నేరుగా ఉన్నది కాక ఎల్ ఆకారంలో వంగి ఉన్నది చూసుకోండి. సంచిలో వంగి విరిగేది ఎప్పుడూ నేరు పిన్నే.

ఇప్పుడు మీ క్షేమం గురించి. మిగతా అన్ని సంగతుల కన్నా ఇదే నాకు ముఖ్యం. క్యాంపస్ లోపలి దారుల్లో తెల్లవారుజామున వాహనాలు తక్కువే గాని, ఉన్నవి వేగంగా వస్తాయి. ఎలక్ట్రిక్ స్కూటర్లు దాదాపు చప్పుడు లేకుండా వెనక నుంచి దాటిపోతాయి. అందుచేత ఒక చెవి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. ఏ చెవి అన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద వాహనాలకు ఎదురుగా, అంటే కుడి అంచున నడవడం మంచిది. అప్పుడు రోడ్డు మీకు ఎడమ వైపున ఉంటుంది, కాబట్టి ఎడమ చెవి ఖాళీగా ఉంచి కుడి చెవికి పెట్టుకోవాలి. ఎడమ వైపు ఫుట్‌పాత్ మీద వాహనాలతో పాటు నడుస్తున్నప్పుడు కుడి చెవి ఖాళీగా ఉంచాలి. సిలికాన్ రబ్బరుతో చెవి రంధ్రాన్ని మూసేసే రకం నడకకు వద్దు. పాతకాలపు చదునైన బిళ్ల రకం, అంటే చెవి గుంటలో ఊరికే ఆనుకుని ఉండేది, బయటి శబ్దాన్ని కొంత రానిస్తుంది. తీగ పొడవు అందులో కూడా అంతే కనుక ఏరియల్‌కు లోటు లేదు.

ఒక చెవితోనే వినాలంటే సెట్టులో మోనో మీట ఉండటం చాలా అవసరం. స్టీరియోలో ఒక వైపు ధ్వని మాత్రమే వింటే కొన్ని పాటల్లో వాద్యాలు సగం పోతాయి. మోనోలో పెడితే రెండూ కలిసి ఒక్క చెవికే వస్తాయి. దీనికి మించిన లాభం మరొకటి ఉంది. ఎఫ్ఎం స్టీరియోలో కుడి, ఎడమ వైపుల తేడాను 38 కిలోహెర్ట్జ్ ఉపవాహకం, అంటే అసలు ప్రసారంలోనే కలిపి పంపే మరో చిన్న తరంగం, మీద ఎక్కించి పంపుతారు. సంకేతం బలహీనపడే కొద్దీ గరగర ముందుగా ఆ పై పౌనఃపున్యాల్లోనే చేరుతుంది. మోనో నొక్కితే సెట్టు ఆ భాగాన్ని పూర్తిగా వదిలేస్తుంది కనుక హోరు ఒక్కసారిగా తగ్గుతుంది. లెక్క ప్రకారం ఈ లాభం 20 డెసిబెల్స్ పైమాటే. క్యాంపస్‌లో చెట్ల కింద, రైల్లో తలుపు దగ్గర వినగలగడానికీ, ఏమీ వినలేకపోవడానికీ మధ్య తేడా చాలాసార్లు ఈ ఒక్క మీటే. అది లేని సెట్టును ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దని నా సలహా.

మీరు విదేశాల్లో ఉన్న బంధువుల చేత తెప్పించుకోవాలనుకుంటున్నట్టు రాశారు గనుక ఒక హెచ్చరిక. అమెరికా మార్కెట్ కోసం చేసిన డిజిటల్ ట్యూనింగ్ సెట్లు చాలావరకు ఎఫ్ఎంలో 0.2 మెగాహెర్ట్జ్ చొప్పున జరుగుతాయి, అది కూడా చివరి అంకె బేసి సంఖ్యగా ఉన్న చోట్లనే ఆగుతాయి. మన దగ్గర ఆకాశవాణి ఎఫ్ఎం రెయిన్‌బో 101.9లో ఉంది కనుక దొరుకుతుంది. రేడియో సిటీ 91.1, రెడ్ ఎఫ్ఎం 93.5, మిర్చి 98.3 కూడా దొరుకుతాయి. కాని వివిధ భారతి 102.8లో ఉంది. ఆ సెట్టు 102.7 దగ్గరో 102.9 దగ్గరో ఆగిపోయి, మాట పగిలినట్టు వినిపిస్తుంది. ఉదయం పాత పాటల కోసమే రేడియో కొంటున్న మీకు ఇది పెద్ద దెబ్బే. మీడియం వేవ్‌లో కూడా ఇదే చిక్కు. మన స్టేషన్లు 9 కిలోహెర్ట్జ్ ఎడంతో ఉంటాయి, అమెరికాలో 10. హైదరాబాద్ 'ఎ' కేంద్రం 738 కిలోహెర్ట్జ్ మీద ఉంది. పది చొప్పున దూకే సెట్టుకు 730, 740 తెలుసు గాని 738 తెలియదు. జపాన్ దేశీయ మార్కెట్ సెట్లయితే ఎఫ్ఎం 76 దగ్గర మొదలవుతుంది, పాతవి 90 దగ్గరే ఆగిపోతాయి, అంటే మన స్టేషన్లకు దాదాపు పనికిరావు. కొన్ని సెట్లలో ప్రాంతాన్ని మార్చుకునే అమరిక ఉంటుంది. ఆ అమరిక ఉందని రూఢి చేసుకున్నాకే తెప్పించండి. ముల్లు జరిపే పాత పద్ధతి సెట్లకు ఈ బాధ లేదు, ఎక్కడైనా ఆగుతాయి.

అయితే ముల్లు సెట్టా, అంకెలు చూపే డిజిటల్ సెట్టా అన్న ప్రశ్నకు నడక విషయంలో నేను డిజిటల్ వైపే మొగ్గుతాను. సంచిలో ఒరుసుకుని ముల్లు కొంచెం కదిలితే స్టేషన్ పక్కకు పోతుంది, నడుస్తూ దాన్ని మళ్లీ సరిచేసుకోవడం చికాకు. డిజిటల్ సెట్టులో మీకు కావలసిన నాలుగైదు స్టేషన్లు నిల్వ చేసుకుని, తాళం మీట వేస్తే గుండీలు పొరపాటున నొక్కుకున్నా ఏమీ కాదు. కొనేముందు ఆ తాళం ఉందో లేదో చూడండి. ధ్వని మాత్రం చక్రం తిప్పి పెంచే రకం దొరికితే అది శ్రేష్ఠం. గుండీలతో పెంచే చవక సెట్లలో అన్నిటికన్నా తక్కువ మెట్టే తెల్లవారుజామున చెవికి ఎక్కువగా ఉంటుంది, దాని కిందిది పూర్తి నిశ్శబ్దం. సెట్టు వెనక లోకల్ (దగ్గరి స్టేషన్లకు), డీఎక్స్ (దూరపు స్టేషన్లకు) అనే రెండు స్థానాల మీట ఉంటే, బలమైన స్టేషన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కినప్పుడు లోకల్ వైపు జరపండి. ఒకే స్టేషన్ రెండు మూడు చోట్ల పలకడం ఆ చిక్కుకు గుర్తు.

ఇక మెట్రో. మన మెట్రో మొత్తం ఎత్తైన వంతెన మీదనే సాగుతుంది, ఎక్కడా సొరంగం లేదు. అది మీకు కలిసివచ్చే విషయం. కాని పెట్టె చుట్టూ లోహపు గోడ ఉంటుంది కనుక ఎఫ్ఎం సంకేతం లోపలికి రావలసిన దారి కిటికీలూ తలుపుల అద్దాలే. నడవ మధ్యలో కమ్మీ పట్టుకుని నిలబడిన మనిషి కన్నా తలుపు పక్కన కిటికీకి ఆనుకుని ఉన్న మనిషికి బాగా వినిపిస్తుంది. స్టేషన్ల పైకప్పు కిందికి రాగానే బలం తగ్గుతుంది. అమీర్‌పేటలో రెండు మార్గాలు ఒకదాని మీద ఒకటి దాటే చోట మరీ తగ్గుతుంది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటి మాదాపూర్ వైపు వచ్చాక మరో రకం ఇబ్బంది మొదలవుతుంది. ఎత్తైన భవనాల గోడల మీద పడి తిరిగివచ్చే సంకేతమూ, నేరుగా వచ్చే సంకేతమూ ఒక చోట కలిసి బలపడి, మరో చోట ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. బలమైన చోటికీ బలహీనమైన చోటికీ మధ్య దూరం మీటరు కన్నా తక్కువ కూడా ఉండవచ్చు. నడిచేటప్పుడు ఒక అడుగు పక్కకు వేస్తే సరిపోతుంది. కదిలే రైల్లో మాత్రం అవి వరసగా దాటిపోతూ ఉంటాయి కనుక పాట టపటపమని తెగుతుంది. ఏ ఖరీదైన సెట్టూ దీన్ని పూర్తిగా మాన్పలేదు, మోనో కొంత మేలు చేస్తుంది.

అందువల్ల రైల్లో ఉన్నంతసేపు ఫోనులో ఇంటర్నెట్ ద్వారా వినడమే మీకు సుఖం. ప్రసార భారతి వారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఆకాశవాణి తెలుగు ప్రసారాలు వస్తాయి. ఇంటర్నెట్ ప్రసారం 64 కిలోబిట్ల వేగంతో వస్తే గంటకు 29 మెగాబైట్లకు మించి ఖర్చు కాదు, కనుక డేటా గురించి దిగులు వద్దు. అక్కడ బ్లూటూత్ ఇయర్‌బడ్స్ కూడా వాడుకోవచ్చు. ఒక్క లోటేమిటంటే ఇంటర్నెట్ ప్రసారం అసలు ప్రసారం కన్నా కొన్ని సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ వెనకబడి వస్తుంది. క్రికెట్ వ్యాఖ్యానం వినేవారికి వికెట్ పడిన సంగతి పక్కవారి కేకల ద్వారా ముందే తెలిసిపోతుంది. ఏ సాధనంతో విన్నా రైల్లో స్పీకరు పెట్టవద్దు, తోటివారి ప్రశాంతత మన వినోదం కన్నా ముందు. రాయదుర్గంలో దిగి ఆఫీసుకు నడిచేటప్పుడు మాత్రం రేడియో తీసి 90.4 ప్రయత్నించి చూడండి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం నడిపే బోల్ హైదరాబాద్ అనే కమ్యూనిటీ రేడియో అది. కమ్యూనిటీ రేడియోలకు 100 వాట్ల వికిరణ శక్తి దాటకూడదన్న నియమం ఉంది, అందుచేత గచ్చిబౌలి చుట్టుపక్కలనే దాని మీద ఆశ పెట్టుకోవాలి, తార్నాకలో కాదు.

మీడియం వేవ్ అవసరమా అని మీరు ప్రత్యేకంగా అడిగారు. ఉంటే మంచిదని నేను గట్టిగా చెబుతాను. ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లకు సొంత వార్తలు చదివే అనుమతి లేదు, ఆకాశవాణి బులెటిన్‌ను యథాతథంగా అందించడం వరకే వాటికి అవకాశం. వార్తలు, నాటికలు, శాస్త్రీయ సంగీతం, వ్యవసాయ కార్యక్రమాలు అంటే ఇష్టం ఉన్నవారికి 738 ఒక పెద్ద ఆస్తి. అయితే దాని స్వభావం ఎఫ్ఎంకు పూర్తిగా వేరు. ఇక్కడ ఇయర్‌ఫోన్ తీగకు పనిలేదు. సెట్టు లోపల నల్లటి ఫెర్రైట్ కడ్డీ మీద చుట్టిన తీగచుట్టే ఏరియల్. ఆ కడ్డీ మొన స్టేషన్ ఉన్న దిక్కుకు తిరిగితే ధ్వని పడిపోతుంది, కడ్డీ అడ్డంగా ఉంటే పెరుగుతుంది. మీరు నడుస్తూ ఒక మలుపు తిరగగానే గొంతు సన్నబడి, మరో మలుపు తిరిగాక మళ్లీ బలపడితే సెట్టులో లోపం ఉందనుకోకండి. సెట్టును చేత్తో పావు వంతు తిప్పి చూడండి, ఎటు తిప్పితే బాగుందో అటే సంచిలో పెట్టుకోండి. రైల్లోనూ, ఎలక్ట్రిక్ బస్సుల్లోనూ మీడియం వేవ్ మీద ఆశ వదులుకోవాలి. 738 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు 400 మీటర్లు దాటుతుంది, అది కిటికీ సందులో నుంచి లోపలికి రాదు. పైగా మోటార్లను నడిపే ఇన్వర్టర్ల రొద నేరుగా మీడియం వేవ్ పౌనఃపున్యాల మీదనే పడుతుంది. ఎఫ్ఎం సెట్టు సంకేతం ఎత్తుపల్లాలను కత్తిరించి పారేస్తుంది కనుక ఆ రొదను చాలావరకు తట్టుకుంటుంది, మీడియం వేవ్‌లో సమాచారం ఉండేదే ఆ ఎత్తుపల్లాలలో. ఇంట్లో చవక ఎల్ఈడీ బల్బు వెలగగానే మీడియం వేవ్ బుస్సుమనడానికి కారణమూ ఇలాంటిదే. క్యాంపస్ లాంటి విశాలమైన చోట, ఆ దీపాలకు దూరంగా, అది ఎంతో హాయిగా పలుకుతుంది.

చెవుల గురించి కూడా కాస్త వివరంగా చెప్పాలి. పెద్దవారు వారానికి 40 గంటల వరకు 80 డెసిబెల్స్ స్థాయిలో వినవచ్చనీ, 90 డెసిబెల్స్ అయితే వారానికి 4 గంటలకు మించకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. పది డెసిబెల్స్ తేడాకే వినదగిన సమయం పదో వంతుకు పడిపోయిందని గమనించండి. ఆపద ఎక్కడుందంటే, తెల్లవారుజామున నిశ్శబ్దంలో మీరు పెట్టుకున్న ధ్వని మెట్టుగూడ రోడ్డు మీదికి రాగానే చాలదు, వాహనాల హోరు మీద వినపడాలని పెంచుతారు, తర్వాత తగ్గించడం మరచిపోతారు. హోరు ఉన్న చోట పెంచడానికి బదులు కాసేపు ఆపేయండి. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు పెట్టిన స్థాయే మీ గరిష్ఠ స్థాయి అనుకుంటే చిక్కు ఉండదు.

క్యాంపస్ అంచున జామై ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజ్ స్టేషన్ల వైపు నడిచేవారికి మరొక్క మాట. అక్కడి ఎంఎంటీఎస్ (నగర లోకల్ రైళ్ల) పట్టాలను అడ్డదారిగా దాటకండి, ఇయర్‌ఫోన్ ఉంటే అసలే వద్దు. కరెంటు రైళ్లు దగ్గరికి వచ్చేదాకా పెద్దగా చప్పుడు చేయవు. అనుమతి లేని చోట పట్టాలు దాటడం 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం కూడా. స్కూటర్ నడిపేవారు హెల్మెట్ లోపల ఇయర్‌ఫోన్ పెట్టుకోవడం ఎంత మాత్రం తగదు, ఒక చెవి ఖాళీగా ఉందన్న సాకు అక్కడ చెల్లదు.

బ్యాటరీల విషయం త్వరగా ముగిస్తాను. చిన్న రేడియో తీసుకునే కరెంటు చాలా తక్కువ. పాతిక మిల్లీయాంపియర్ల కరెంటు తాగే సెట్టు, వెయ్యి మిల్లీయాంపియర్ అవర్ల సన్న సెల్లులతో నలభై గంటలు పలుకుతుంది, అంటే రోజూ గంట నడిచే మీకు నెల దాటుతుంది. దుకాణంలో ఎక్కడైనా దొరికే ఏఏ లేదా ఏఏఏ సెల్లులతో నడిచేది తీసుకోండి. పాత నోకియా ఫోన్లలో వాడిన బీఎల్-5సీ బ్యాటరీతో నడిచే చిన్న సెట్లు కూడా విరివిగా దొరుకుతాయి. ఆ బ్యాటరీ ఇప్పటికీ మార్కెట్లో ఉంది గనుక అదీ సమ్మతమే. తెరవడానికి వీల్లేకుండా లోపలే అతికించిన బ్యాటరీ సెట్లను మాత్రం వదిలేయండి, రెండు మూడేళ్లకు బ్యాటరీ చచ్చిపోతే సెట్టంతా పారేయవలసి వస్తుంది. యూఎస్‌బీ తీగతో ఛార్జ్ అవుతుండగా వింటే గరగర వస్తుంది, అది మామూలే. వానాకాలంలో కొన్ని రోజులు నడక మానేస్తే సెల్లులు తీసి పక్కన పెట్టండి, కారిన సెల్లు లోపలి పలకలను తినేస్తుంది. చెమట, వాన పడకుండా జిప్పు ఉన్న చిన్న ప్లాస్టిక్ సంచిలో సెట్టును పెట్టి, తీగ మాత్రం మూల నుంచి బయటికి తీయండి. నడక నుంచి రాగానే పిన్నును పొడి గుడ్డతో తుడవండి. చెమటలోని ఉప్పు పట్టిన పిన్నే కొన్నాళ్లకు కరకరలాడుతుంది.

కొనేందుకు కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్లండి. ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి కొనడం కన్నా అక్కడ నాలుగు సెట్లు చేతికి తీసుకుని చూడటం మేలు. వెళ్లేటప్పుడు మీరు నడకలో వాడబోయే ఇయర్‌ఫోన్‌నే వెంట తీసుకెళ్లండి. దుకాణం లోపల దీపాల మధ్య సెట్టు పలికిన తీరును బట్టి నిర్ణయించవద్దు. యజమానిని మర్యాదగా అడిగి గుమ్మం బయటికి తెచ్చి, సెట్టును నడుము దగ్గర పట్టుకుని, తీగను నిలువుగా వదిలి, ముందు 102.8 పెట్టి చూడండి. స్పష్టంగా ఆగితే మోనో మీట నొక్కి తేడా గమనించండి. తర్వాత 738కి మార్చి సెట్టును ఒక చుట్టు మెల్లగా తిప్పండి. తిప్పుతున్న కొద్దీ ధ్వని పెరుగుతూ తరుగుతూ ఉంటే లోపల నిజమైన ఫెర్రైట్ కడ్డీ ఉన్నట్టు. ఎటు తిప్పినా ఒకే రకమైన బుస తప్ప ఏమీ రాకపోతే, పెట్టె మీద మీడియం వేవ్ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా ఆ సెట్టును తిరిగి ఇచ్చేయండి.